పూర్ణా మార్కెట్ పక్క సందులోని స్టేషనరీ దుకాణం, దాని పేరులోని రెండు మాటలు

జూన్‌లో బడులు తెరిచిన రెండో వారంలో నా మనవరాలు ఆంగ్ల డిక్టేషన్‌లో ఇరవైకి పంతొమ్మిది మార్కులు తెచ్చుకుని, పోయిన ఆ ఒక్క మార్కు గురించి రాత్రి పడుకునేదాకా బాధపడుతూనే ఉంది. ఉపాధ్యాయురాలు చెప్పిన మాట ‘స్టేషనరీ’. పుస్తకాలు, పెన్నులు, కాగితాలు అనే అర్థం వచ్చే వాక్యాన్ని కూడా ఆమె చదివి వినిపించారట. చివర ‘ఆర్’ అక్షరానికి ముందు ‘ఈ’ రాయవలసిన చోట పాప ‘ఏ’ రాసింది. మా వీధి చివర కొట్టు బోర్డు మీద అలాగే ఉంది కదా తాతయ్యా అని దాని వాదన. మర్నాడు పాలపొట్లానికి వెళ్ళినప్పుడు చూస్తే, బోర్డు మీద నిజంగానే ‘ఏ’ ఉంది. అలా రాస్తే ఆంగ్లంలో ఆ మాటకు కదలకుండా నిలిచి ఉన్నది అని అర్థం. రెండు మాటలూ పలకడానికి ఒక్కటే; రాతలో తేడా ఒక్క అక్షరం. తెలుగు లిపిలో రాస్తే ఆ ఒక్క అక్షరం తేడా కూడా మిగలదు గనుక మన పిల్లలకు ఈ చిక్కు మరింత ఎక్కువ. ‘ఈ’ అయితే సామాను, ‘ఏ’ అయితే నిలబడడం అని బట్టీ పట్టించవచ్చు గానీ, కారణం తెలియకుండా పట్టిన బట్టీ పరీక్ష గదిలో నిలవదు. అందుకని ఆ శనివారం సాయంత్రం పాపను వెంటబెట్టుకుని, దాదాపు ముప్పై ఏళ్ళుగా నేను వెళ్తున్న దుకాణానికి తీసుకువెళ్ళాను. ఆ దుకాణం గురించి నలుగురికీ చెప్పాలని ఎంతోకాలంగా అనుకుంటున్నాను. పాప డిక్టేషన్ వల్ల ఆ పని ఇప్పటికి కుదిరింది.

విశాఖపట్నంలో జగదాంబ కూడలి నుంచి పాత నగరం వైపు వెళ్తే పూర్ణా మార్కెట్ వస్తుంది. మార్కెట్ పక్కనున్న సందుల్లో ఒకదానిలో, తాళ్ళు అమ్మే కొట్టుకూ ఇత్తడి సామాన్ల కొట్టుకూ నడుమ ఈ దుకాణం ఉంటుంది. పెద్దవాళ్ళెవరైనా రెండు చేతులూ చాపితే అటూ ఇటూ గోడలు అందేటంత వెడల్పే గానీ, లోపలికి మాత్రం చాలా దూరం పోతుంది. నేల నుంచి పైకప్పు దాకా చెక్క అరలు, వాటికి ఆనించిన ఒక నిచ్చెన, ముందు వైపు గాజు బల్ల, బల్ల చివర చిన్న ఎలక్ట్రానిక్ కాటా. నోటు పుస్తకాల అట్టల వాసన, గమ్ వాసన, కొత్త కాగితం వాసన కలిసి గుమ్మంలోనే ఎదురొస్తాయి. యజమానికి డెబ్భై దాటి ఉంటాయి. అందరూ ఆయనను గురువుగారూ అనే పిలుస్తారు. నేను ఉద్యోగంలో ఉన్న రోజుల్లో మా ఆఫీసు ఇండెంటు పట్టుకుని 1990ల మధ్యలో మొదటిసారి ఆయన దగ్గరికి వెళ్ళాను. ఫైలు అట్టలు, ట్యాగులు, కార్బన్ కాగితాలు, లెడ్జర్లు ఎన్ని కావాలన్నా లెక్క తప్పకుండా కట్టలు కట్టి పంపేవారు. పదవీ విరమణ తర్వాత కూడా నేను వెళ్తూనే ఉన్నాను.

దుకాణం బోర్డు మీద తెలుగులో ఒక వరుస, దాని కింద ఆంగ్లంలో ఒక వరుస ఉన్నాయి. పాప ఆంగ్ల వరుసను అక్షరం అక్షరం చదివి, ఇక్కడ ‘ఈ’ ఉంది అని గట్టిగా చెప్పింది. గురువుగారు ఆ మాట విని కళ్ళజోడు సర్దుకుని దానికేసి చూశారు.

“బేకరీ స్పెల్లింగు వచ్చా అమ్మా?” అని అడిగారు.

పాప తడుముకోకుండా చెప్పింది.

“బేకరీ నడిపేవాణ్ణి ఏమంటారు?”

“బేకర్.”

“మరి ఈ కొట్టు నడిపే నన్ను ఏమంటారు?”

దానికి సమాధానం తెలియలేదు. నిజం చెప్పాలంటే మనలో చాలామందికి తెలియదు, ఎందుకంటే ఆ మాట తెలుగు నోట నానలేదు. “స్టేషనర్ అంటారమ్మా. బేకర్‌లో ఉన్న ‘ఈ’, ‘ఆర్’ ఇందులోనూ ఉంటాయి. చివర ‘వై’ చేర్చావంటే నేను అమ్మే సరుకు అవుతుంది. గ్రోసర్ అమ్మేది గ్రోసరీ అయినట్టే ఇదీను” అన్నారు. ఆ ఒక్క నిమిషంతో పాప ఆ స్పెల్లింగును ఇక మరిచిపోయే పని లేకుండా పోయింది. ‘ఎన్వలప్’ అనే మాటకు మొదట ‘ఈ’ ఉంటుంది గనుక దీన్ని అలా గుర్తుపెట్టుకోమని మా కాలంలో మాకు చెప్పేవారు. అదీ పనికివచ్చే గుర్తే, కానీ అది పైనుంచి తగిలించిన గుర్తు. గురువుగారు చెప్పింది ఆ మాట పుట్టుకలోనే ఉన్న కారణం.

ఆ పుట్టుక కథ దుకాణాలకు సంబంధించినదే గనుక ఇక్కడ కాస్త వివరంగా చెప్పడం సబబు. లాటిన్‌లో ‘స్టారే’ అంటే నిలబడడం. దాని నుంచి నిలిచే చోటు, కాపలా చోటు అనే అర్థంలో ‘స్టాటియో’ వచ్చింది. మన రైల్వే స్టేషనూ పోలీసు స్టేషనూ ఆ మాట సంతానమే. ఆ చోటికి చెందినవాడు ‘స్టాటియోనారియుస్’. రోమన్ల కాలంలో ఒక ఠాణాలో నియమించిన సైనికుణ్ణి అలా అనేవారు. మధ్యయుగాల ఐరోపాలో వర్తకులు ఎక్కువమంది మూటలు మోసుకుంటూ ఊరూరా, సంత సంతకూ తిరిగేవారు. అలా తిరగకుండా ఒకచోట కొట్టు పెట్టుకుని నిలిచిన వర్తకుణ్ణి కూడా అదే మాటతో పిలవడం మొదలైంది. అటువంటివారిలో ముఖ్యులు విశ్వవిద్యాలయాల దగ్గర స్థిరపడిన పుస్తక వర్తకులు.

బొలోన్యా, పారిస్ వంటి చోట్ల 13వ శతాబ్దంలో ఈ వర్తకులు చేసిన పని నాకు ఎంతో ఇష్టమైన విషయం. అప్పటికి అక్కడ అచ్చు లేదు. విశ్వవిద్యాలయం సరిచూసి ఒప్పుకున్న మూలప్రతిని వర్తకుడు తన దగ్గర ఉంచుకుని, దాన్ని కుట్టకుండా విడి విడి భాగాలుగా పెట్టేవాడు. విద్యార్థి గానీ లేఖకుడు గానీ ఒక భాగాన్ని అద్దెకు తీసుకుని, రాసుకుని, తిరిగి ఇచ్చి, తర్వాతి భాగం తీసుకునేవాడు. అందువల్ల ఒకే గ్రంథాన్ని ఒకే సమయంలో అనేకమంది నకలు చేసుకోగలిగేవారు. అద్దె ఎంత ఉండాలో విశ్వవిద్యాలయమే నిర్ణయించేది. పూర్ణా మార్కెట్ పక్కనున్న ఈ కొట్టులో నేటికీ ఇలాంటిదే ఒకటి జరుగుతుంది. గురువుగారి దగ్గర పాత ప్రశ్నపత్రాల కట్టలు ఉంటాయి. డిగ్రీ విద్యార్థులు కొద్దిపాటి డిపాజిట్టు ఉంచి ఒక కట్ట తీసుకువెళ్ళి, జిరాక్సు తీయించుకుని, మర్నాడు తెచ్చి ఇచ్చి మరొక కట్ట అడుగుతారు. ఆయన దీనికి ఏమీ పుచ్చుకోరు. కట్టలో ఒక్క కాగితం తగ్గకూడదన్నదే షరతు. నేను నిలబడి ఉండగానే ఒక కుర్రవాడు కట్ట తెచ్చి ఇచ్చాడు. ఆయన తడి స్పాంజి మీద వేలు అద్దుకుని, పత్రాలన్నీ లెక్కపెట్టి, డిపాజిట్టు చేతికిచ్చి పంపారు.

ఆంగ్లంలో ‘స్టేషనర్’ అనే మాట 14వ శతాబ్దంలో వాడుకకు వచ్చింది. లండన్‌లో వీరి వృత్తిసంఘం 1403లో ఏర్పడింది, 1557లో రాజశాసనం పొందింది. ఆ శాసనంతో ఇంగ్లండులో అచ్చుపని దాదాపుగా ఆ సంఘం చేతిలోకి వచ్చింది. పుస్తకం పేరు సంఘపు రిజిస్టరులో ఎవరు ఎక్కిస్తే వారికే దాన్ని అచ్చువేసే హక్కు ఉండేది. 1710లో చట్టం వచ్చి రచయితకు హక్కు కల్పించేదాకా కాపీ హక్కు అంటే ప్రధానంగా ఆ రిజిస్టరులోని పద్దే. కాలక్రమంలో పుస్తకాలు అచ్చువేసేవారు, అమ్మేవారు వేరు వేరు పేర్లతో విడిపోగా, కాగితం, సిరా, కలాలు, ఖాళీ పుస్తకాలు అమ్మేవారికి స్టేషనర్ అనే పాత పేరు మిగిలిపోయింది. వారు అమ్మే సరుకును ‘ఈ’ అక్షరంతో స్టేషనరీ అనడం 18వ శతాబ్దం తొలినాళ్ళకు స్థిరపడింది. కాబట్టి ఆ మాటలో ముందు పుట్టినవాడు వర్తకుడు, సరుకు అతని వెనక వచ్చింది. నిలిచి అమ్మడం అనే లక్షణమే సరుకుకు పేరు పెట్టింది.

నిలిచి అమ్మడం విలువ ఏమిటో నాకు గత ఏడాది అనుభవంలోకి వచ్చింది. ప్రింటరు కోసం ఒక రీము కాగితం వేరే చోట తెప్పించుకున్నాను. పైన కవరు మీద 80 జీ.ఎస్.ఎం. అని, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములని, అచ్చు ఉంది. ప్రింటు తీస్తే రెండో వైపు అక్షరాలు కనబడుతున్నాయి. అమ్మినవారికి చెప్పుకుందామంటే ఫోను ఎత్తేవారు లేరు, వెళ్ళి అడగడానికి ఒక చోటంటూ లేదు. ఆ రీమును గురువుగారి దగ్గరికి పట్టుకెళ్ళి చూపించాను. ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడలేదు, వేళ్ళతో నలపలేదు. తిన్నగా కాటా మీద పెట్టారు. రెండు కిలోల రెండు వందల గ్రాములు చూపించింది. “ఎనభై కాదండీ మాస్టారూ, ఇది డెబ్భై” అన్నారు.

ఆ లెక్క తెలుసుకోదగినది. ఏ–0 కొలత కాగితం వైశాల్యం సరిగ్గా ఒక చదరపు మీటరు. దాన్ని సగానికి నాలుగుసార్లు మడిస్తే వచ్చేది ఏ–4, అంటే పదహారో వంతు. చదరపు మీటరుకు 80 గ్రాములున్న కాగితమైతే ఒక్కో ఏ–4 ఠావు 5 గ్రాములు తూగుతుంది. 500 ఠావుల రీము రెండున్నర కిలోలు ఉండాలి. 70 గ్రాముల కాగితమైతే రీము రెండు కిలోల నూట తొంభై గ్రాముల దగ్గర ఆగుతుంది. ఉద్యోగంలో అన్నేళ్ళు కాగితాలతో కాపురం చేసి కూడా రీమును తూచి చూడవచ్చని నాకు తట్టలేదు. ఈ దుకాణంలో ఎవరు అడిగినా రీము తూచి ఇస్తారు, అడగకపోయినా కాటా ఎదురుగానే ఉంటుంది. ఈ కొట్టుకు నేను మొదటి మార్కు వేసేది అందుకే.

మన ఊరి ఉప్పుగాలికి కాగితం త్వరగా చెమ్మ పట్టి, అంచులు వంకర్లు తిరిగి, ప్రింటరులో ఇరుక్కుంటుంది. గురువుగారు రీములను నేలకు తగలకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చుతారు. విప్పిన కట్ట ఏదైనా అమ్ముడుపోయేదాకా ప్లాస్టిక్ సంచిలోనే ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు రేకు లేచిపోయి వెనక వైపు అరల్లోని సరుకంతా తడిసిపోయింది. కొన్నాళ్ళకు నేను వెళ్ళేసరికి ఉబ్బిపోయిన పుస్తకాలను మెట్ల మీద ఆరబెట్టి, చిత్తుపనికి పనికివస్తాయని పిల్లలకు ఊరికే పంచుతున్నారు. కొట్టు కట్టేస్తారేమో అనుకున్నాను. దీపావళి దాటేసరికి కొత్త పలకలు కొట్టించి మళ్ళీ సరుకు నింపారు.

ఇక రెండో మాట. ‘ఏ’ అక్షరంతో రాసే స్టేషనరీ కూడా ఆ ‘స్టాటియోనారియుస్’ అనే లాటిన్ మాట బిడ్డే. ఇది వర్తకుడి ఇంటి మీదుగా రాలేదు గనుక లాటిన్‌లోని ‘ఏ’ దీనిలో అలాగే నిలిచింది. ఆంగ్లంలో ఇది 14వ శతాబ్దం చివర, మొదట గ్రహాల విషయంలో కనిపిస్తుంది. కుజుడో గురుడో వక్రించబోయే ముందు, అంటే వెనక్కి నడుస్తున్నట్టు కనిపించబోయే ముందు, మళ్ళీ వక్రత్యాగం చేసే ముందు ఆకాశంలో కొన్నాళ్ళు కదలనట్టు కనిపిస్తాడు. పంచాంగం చూసే అలవాటున్నవారికి ఇది కొత్త సంగతి కాదు. ఆ నిలిచినట్టు కనిపించే స్థితికి వాడిన మాట క్రమంగా నిలిచిన ప్రతిదానికీ వర్తించింది. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో మన పిల్లలు స్థిర తరంగాలు అని చదివేవాటికి ఆంగ్లంలో ఉన్న పేరులో ఈ ‘ఏ’ మాటే ఉంటుంది. విశాఖవాసులకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ తుపాను బులెటిన్లు. వాయుగుండం ఎటూ కదలకుండా ఉన్నప్పుడు వాతావరణ శాఖ తన ఆంగ్ల ప్రకటనలో వాడే మాట ఇదే. తెలుగు వార్తల్లో దాన్ని ‘నిలకడగా ఉంది’ అని రాస్తే నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

పాపకు ఇది కళ్ళతో చూపించాలని, కొట్టు నుంచి తిన్నగా ఆర్.కె. బీచ్‌కు తీసుకువెళ్ళాను. రేవులో చోటు కోసం ఎదురుచూసే ఓడలు లంగరు వేసుకుని దూరంగా వరసగా నిలిచి ఉన్నాయి. ఆరు లెక్కపెట్టింది. ఇసుక అంచున కుర్సురా జలాంతర్గామి ఉంది. అది 2001లో నౌకాదళ సేవ చాలించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఒడ్డునే ఉండిపోయింది. కదలగలిగి నిలిచినవి ఆ ఓడలు, ఇక కదలనిది ఇది; రెంటికీ ‘ఏ’ మాట సరిపోతుంది. “ఓడ నిలబడితే ‘ఏ’, ఓడ బొమ్మ గీసుకునే పుస్తకమైతే ‘ఈ’” అని పాప తనంతట తానే చెప్పుకుంది.

భాష మీద ఆసక్తి ఉన్నవారి కోసం ఇంకొక్క మాట. లాటిన్ ‘స్టారే’ మూలానికీ సంస్కృతంలోని ‘స్థా’ ధాతువుకూ బంధుత్వం ఉంది. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో చెప్పిన నాటి నుంచి పండితులు దీన్ని వివరంగా నిరూపిస్తూ వచ్చారు. మనం రోజూ వాడే స్థితి, స్థానం, స్థిరం, స్థావరం, సంస్థ అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే; ‘స్టాటియో’ అనే లాటిన్ మాటకూ మన ‘స్థితి’కీ నిర్మాణం కూడా దాదాపు ఒక్కటే. తెలుగుది మాత్రం వేరే కుటుంబం. మన సొంత ధాతువు ‘నిలు’. తమిళ కన్నడాల్లోనూ దీని తోబుట్టువులున్నాయి. అయినా చూడండి, మన ‘నిలు’ కూడా రెండు వైపులకూ నడిచింది. ఒక వైపు నిలకడ అయింది, అది ‘ఏ’ మాటకు సరిగ్గా సరిపోయే తెలుగు. మరో వైపు నిల్వ అయింది, అది కొట్టులోని సరుకు. ఆఫీసులో నేను ఏటా రాసిన స్టేషనరీ రిజిస్టరులో మొదటి గడి ప్రారంభ నిల్వ, చివరి గడి ముగింపు నిల్వ. ఏ సంబంధమూ లేని రెండు భాషా కుటుంబాలు నిలబడడం అనే పనిలోంచే ఇటు కదలకపోవడానికీ అటు దుకాణపు సరుకుకూ పేర్లు తీసుకున్నాయని ఈ వయసులో గ్రహించినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. స్టేషనరీకి ప్రభుత్వం వాడే ‘లేఖన సామగ్రి’ అనే మాట కూడా మంచిదే గానీ, అది వస్తువులను మాత్రమే చెబుతుంది, కొట్టును చెప్పదు.

మళ్ళీ దుకాణం సంగతికి వస్తాను. ఇక్కడ లోపాలూ ఉన్నాయి. మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగు దాకా తలుపు వేసి ఉంటుంది, ఆదివారం తెరవరు. సందులోకి కారు రాదు. స్కూటరైనా బయట రోడ్డు మీద పెట్టుకుని నడిచి రావాలి. లోపల కూర్చోవడానికి ఒక్క కుర్చీ లేదు, మోకాళ్ళ నొప్పులున్నవారికి జూన్ నెల రద్దీలో నిలబడడం కష్టం. పిల్లల ప్రాజెక్టు పనులకు కావలసిన రంగుల మెరుపు కాగితాలు, థర్మోకోల్ సామగ్రి ఇక్కడ తక్కువ. వాటికి వేరే కొట్టు చూసుకోవాలి. సిరాలో నీలం, నలుపు తప్ప వేరే రంగు ఉండదు. బిల్లు చేతిరాతే, అయితే ప్రతి వస్తువూ విడివిడిగా రాసి ఇస్తారు.

మంచివి చెప్పాలంటే నోటు పుస్తకాలను ముందు చెబుతాను. తెల్ల లాంగ్ నోటు పుస్తకాల్లో ఆయన తెప్పించే రకానికి దారంతో కుట్టిన కుట్టు ఉంటుంది. పిన్ను కొట్టిన పుస్తకాల్లాగా నడిమి కాగితాలు అర్ధసంవత్సరానికే ఊడి రావు. పుస్తకాన్ని నడిమికి తెరిచి బల్ల మీద పెట్టి, దానంతటది మూసుకోకుండా ఉంటేనే కొనమని ఆయనే చెబుతారు. చిట్టా, ఆవర్జా వంటి పద్దుల పుస్తకాలు ఎర్ర గుడ్డ అట్టతో ఇంకా దొరుకుతున్నాయి. ఫుల్‌స్కేప్ కాగితాలు విడిగా దస్తా లెక్కన ఇస్తారు. రాజమహేంద్రవరం నుంచి తెప్పించిన ఎబొనైట్ (గట్టి రబ్బరు) ఫౌంటెన్ పెన్నులు రెండు మూడు ఎప్పుడూ గాజు బల్ల కింద ఉంటాయి. కొనేముందు సిరాలో ముంచి రాసి చూసుకోనిస్తారు. పుస్తకాల మీద అచ్చువేసిన ధరకు పదో వంతు తగ్గిస్తారు. బేరం ఉండదు.

తర్వాతి శనివారం కావలసిన సామాను జాబితాను పాపే రాసింది. నాలుగు గీతల పుస్తకాలు రెండు, తెల్ల లాంగ్ పుస్తకాలు ఆరు, లేబుళ్ళు, బ్రౌన్ షీట్లు, ఒక రబ్బరు. పైన శీర్షికగా ఆంగ్లంలో స్టేషనరీ అని రాసి, ‘ఈ’ అక్షరాన్ని పెన్సిలు విరిగేటంత గట్టిగా దిద్దింది. గురువుగారు చీటీని ఆ చివర నుంచి ఈ చివర దాకా చదివి, శీర్షిక పక్కన తన ఎర్ర పెన్నుతో ఒక టిక్కు పెట్టి, తెల్ల పుస్తకాల కోసం నిచ్చెన ఎక్కారు.